అనిపించేది రూపాయి వడ్డీ, పడేది రెండు రూపాయలు: మైక్రో లోన్ల గొడవ వెనక కథ

కర్ణాటక 2025 ఫిబ్రవరిలో మైక్రో ఫైనాన్స్, అంటే పేదలకిచ్చే చిన్న అప్పుల వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చాక మన దగ్గర కూడా పాత గొడవ మళ్లీ లేచింది. పేద మహిళలకు అప్పులిచ్చి, ఊరి కుర్రాళ్లకు ఉద్యోగాలిచ్చి, లాభమూ చూసుకునే వ్యాపారం నిజంగా వాళ్లను పైకి తెస్తుందా అని. నా లెక్కలో మలుపు 2010 ఆగస్టు.

ఆ నెలలో హైదరాబాద్ మైక్రో ఫైనాన్స్ కంపెనీ ఎస్‌కేఎస్ షేరు స్టాక్ మార్కెట్‌కెక్కింది. ధర 985 రూపాయలు, అమ్మకానికి పెట్టిన షేర్లకు 13 రెట్లు గిరాకీ. అప్పులిచ్చే పరుగు అంతకుముందే ఉంది లెండి, వసూళ్ల గొడవలతో 2006లోనే కృష్ణా జిల్లా అధికారులు మైక్రో కంపెనీల బ్రాంచీలు 50 దాకా మూయించారు. కానీ షేరు లిస్టయ్యాక ఎదుగుదల చూపించాల్సింది మదుపరులకి. ఆ బరువు కింద పడింది ఇద్దరి మీద: కిస్తీ కట్టే మహిళ, వసూలు చేసే కుర్రాడు.

లెక్క చూడండి. పది వేల అప్పు, వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. పన్నెండున్నర శాతమే, రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు వారం వారం తగ్గిపోతుంటే వడ్డీ మాత్రం మొత్తం పది వేల మీదే వేశారు, అంటే నిజంగా పడేది పాతిక శాతం, రెండు రూపాయల పైమాటే. అదే ఊళ్లో పొదుపు సంఘానికి బ్యాంకు లోను అప్పట్లో పావలా వడ్డీకి ఇప్పించేది ప్రభుత్వం! మరి ఈ అప్పు ఎందుకు తీసుకున్నారంటే, ఆ లోను చేతికొచ్చేసరికి నెలలు పట్టేది, ఈ కుర్రాడు వారంలో తెచ్చిచ్చేవాడు. పైగా ఈ అప్పు మహిళల గ్రూపు పూచీ మీద ఇచ్చేది: గ్రూపులో ఒకరు కట్టలేకపోతే మిగతా వాళ్లు వేసుకోవాలి, కాబట్టి బెదిరింపు బయటివాడి నోట రానక్కర్లేదు, పక్కింటి నుంచే వస్తుంది. ఒక కిస్తీ కోసం ఇంకో కంపెనీ దగ్గర అప్పు.

ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది: వారం కిస్తీ బదులు నెల కిస్తీ, వసూళ్లు ఇంటి దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోట, వడ్డీ అసలుని మించకూడదు. వసూళ్లు కుప్పకూలాయి. కంపెనీలు దీన్ని రాజకీయం అన్నాయి, వడ్డీ వ్యాపారి కంటే తక్కువకే ఇస్తున్నామన్నాయి. రెండోది అబద్ధమేం కాదు.

తర్వాత రిజర్వు బ్యాంకు, తను వేసిన మాలేగాం కమిటీ సూచనల మీద, వడ్డీకి 26 శాతం గీత గీసింది, కాలక్రమంలో ఆ గీత మారి, 2022లో పూర్తిగా పోయింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ 2010 ఆర్డినెన్స్ నుంచి వచ్చిన చట్టం వర్తించదంది. దారి మళ్లీ తెరుచుకుంది.

ఇప్పుడు పెద్ద కాపలా రిజర్వు బ్యాంకు నిబంధన: ఏటా 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి, అన్ని కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ ఆదాయం ఎంతని ఇంటికొచ్చి అడిగి ఫారంలో రాసుకునేది మాత్రం, లోన్ల టార్గెట్ నెత్తిన ఉన్న ఆ కుర్రాడే.