పచ్చకామెర్లకి డివైడర్ మీది పచ్చపూల మొక్కా?

అపోహ: రోడ్డు డివైడర్ మీద గుబురుగా పాకే పచ్చపూల మొక్క గుంటగలగరే.

వాస్తవం: కాదు. అది వెడేలియా.

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఇదే ఫొటో. "మేడం, పచ్చ గుంటగలగర ఇదేనా? మావాడికి కామెర్లు, పసరు తీయాలి." కాలేజీలో బోటనీ చెబుతూ హెర్బేరియం, అంటే ఎండబెట్టి భద్రపరిచిన మొక్కల నమూనాలు, చూసుకుంటాను కాబట్టి నన్ను అడుగుతారు. అడిగేవాళ్ల గురించి నాకు దిగులు లేదు, అడక్కుండా తాగేసేవాళ్ల గురించే.

వెడేలియా మన నేల మొక్క కాదు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరేబియన్ దీవులు. నేలను కప్పే అలంకరణ మొక్కగా దేశదేశాలకీ చేరింది. శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ఆయుర్వేదం చెప్పే పీత భృంగరాజం, అంటే అసలైన పచ్చ గుంటగలగర, దీనికి దగ్గరి చుట్టం, స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. ఒకే ప్రజాతి, రెండింటివీ పచ్చపూలే. పొరబడటంలో వింతేమీ లేదు, ఫోన్ యాప్‌లు కూడా పొరబడుతున్నాయి.

అందుకే పువ్వు వదిలేసి ఆకు చూడండి. వెడేలియా ఆకు దళసరిగా నిగనిగలాడుతూ, అటూ ఇటూ తమ్మె విడి మూడు కొనలుగా కనిపిస్తుంది. పీత భృంగరాజం ఆకు సన్నగా, పొడవుగా, గరుకుగా ఉంటుంది, తమ్మెలుండవు. నీడలో పెరిగిన వెడేలియాకి తమ్మెలు సరిగా విడవవు, కాబట్టి ఒక్క ఆకుతో తేల్చకుండా తీగ మొత్తం చూడాలి. ఇక మన పొలం గట్ల మీది మామూలు గుంటగలగర పూలు తెల్లవి. కాండం నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. గడ్డిచామంతిని కూడా గుంటగలగర అనుకునేవాళ్లున్నారు. దాని పువ్వు పొడవాటి కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది, చుట్టూ తెల్ల రేకులు, మధ్యలో పసుపు. చిన్నప్పుడు మేం దాని ఆకుతోనే పలకలు తోముకునేవాళ్లం.

ఒక ఆటో అన్న కవర్ నిండా వెడేలియా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. భార్యకి కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద. ఎవరో చెబితే తొమ్మిది రోజులుగా పొద్దున్నే ఈ పసరే పట్టిస్తున్నాడు. "మొక్క సరైనదేనా అమ్మా, ఇంకా తగ్గట్లేదు" అన్నాడు. మొక్క సంగతి పక్కన పెట్టి ముందు స్కానింగ్‌కి తీసుకెళ్లమన్నాను. పిత్తనాళంలో రాయి. ఎండోస్కోపీతో తీశారు, ఆవిడ కోలుకుంది. "నా వల్లే ఆలస్యమైందా?" అని అతను అడిగినప్పుడు నాకు గొంతు పెగల్లేదు. భార్య కోసం తెల్లారకముందే డివైడర్ల వెంట తిరిగి ఆకు కోసిన మనిషి అతను.

అసలు మెలిక ఇక్కడే ఉంది. హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకి పోతుంది. రాయి అడ్డుపడ్డా, హెపటైటిస్ బి ఉన్నా కళ్లు అలాగే పచ్చబడతాయి. ఏది ఏమిటో రక్తపరీక్ష, స్కానింగ్ చెప్పాలి గానీ ఆకు చెప్పలేదు. "పచ్చకామెర్లకి పచ్చపువ్వు" అంటూ ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు దయచేసి ఆపండి. పైగా డివైడర్ ఆకు మీద పొగ, దుమ్ము, మొక్కలకి కొట్టిన మందు అన్నీ ఉంటాయి.

వెడేలియాని చూసి వయ్యారిభామ అని టెన్షన్ పడేవాళ్లకి: కాదు. వయ్యారిభామ పూలు తెల్లగా, చిన్నగా ఉంటాయి, ఆకులు క్యారెట్ ఆకులా చీలి ఉంటాయి.

పచ్చగా పరుచుకుంటుంది కదా, ఎక్కడైనా మంచిదే అనేది ఇంకో మాట. ప్రపంచంలోని 100 ప్రమాదకర దురాక్రమణ జీవుల జాబితాలో వెడేలియా ఉంది. దాని చాప కింద ఇంకో మొక్క లేవదు. విత్తనంతో పనే లేదు, కణుపు తడి నేల తాకితే వేరు పోస్తుంది. పెరట్లో పెరికిన తీగల్ని కాలవ గట్టున పారేయకండి, సిమెంట్ గచ్చు మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టండి.