ట్యాంకు మీద పేరు చూసి తలూపే అలవాటు ఎక్కడిది?

క్రూయిజర్లు, అంటే దర్జాగా వెనక్కి కూర్చుని నడిపే పెద్ద మోటార్‌సైకిళ్ళు, నడిపే వయసు మళ్ళినవాళ్ళు నలుగురు ఒకచోట బండ్లు ఆపినప్పుడు గమనించండి, కొత్తగా వచ్చినాయన హెల్మెట్ తీసేలోపే అందరి చూపూ పెట్రోలు ట్యాంకు మీదున్న పేరు మీదకి పోతుంది. హార్లీ-డేవిడ్‌సన్ అయితే మెచ్చుకోలుగా తలూపుతారు. యమహా విరాగోనో హోండా షాడోనో అయితే "బాగుంది బండి" అని ఊరుకుంటారు. అమెరికాలో జపాన్ క్రూయిజర్లని మెట్రిక్ అంటారు, వాటి బోల్టులు మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయని. పేరుకి స్పానర్ సైజు గొడవ, లోపల ఉన్నది హోదా గొడవ.

ఈ హోదా మొదట్నుంచీ ఉన్నదేం కాదు. 1903లో మిల్వాకీలో హార్లీ మొదలయ్యేటప్పటికే ఇండియన్ అనే అమెరికా బండ్ల కంపెనీ ఉంది, అది 1953లో మూతపడ్డాక అమెరికాలో పెద్ద బండంటే హార్లీ ఒక్కటే మిగిలింది. ఈలోగా 1947లో కాలిఫోర్నియాలోని హోలిస్టర్ ఊళ్ళో బైకర్ల అల్లరి జరగడం, ఖాళీ బీరు సీసాల మధ్య బండి మీద కూర్చున్న ఒకాయన ఫొటో లైఫ్ పత్రికలో రావడంతో హార్లీకి రౌడీల బండి అనే ముద్ర పడిపోయింది. 1960ల్లో హోండా సరిగ్గా దాన్నే పట్టుకుని, మా బండెక్కేవాళ్ళంతా మర్యాదస్తులు అన్నట్టు ప్రకటనలు వేసింది. ఇంకేముంది, మంచివాళ్ళ బండి ఒకవైపు, మొండివాళ్ళ బండి ఒకవైపు.

నన్నడిగితే అసలు మలుపు ఆ తర్వాతే. 1969లో బౌలింగ్ సామాన్లు చేసే ఏఎంఎఫ్ హార్లీని కొన్నది, బండ్ల సంఖ్య పెంచింది గానీ నాణ్యత దిగజారిపోయింది. ఇంజన్ నుంచి ఆయిల్ కారడం ఎంత మామూలైపోయిందంటే బండి ఆపగానే కింద అట్టముక్క పెట్టుకోవాల్సిందే. అటు హోండా బటన్ నొక్కితే స్టార్టయ్యేది, నేల మీద చుక్క పడేది కాదు. అయినా హార్లీ వదలనివాళ్ళు రోడ్డు పక్కన విప్పుకోవడం, బిగించుకోవడం నేర్చుకున్నారు, ఆ తిప్పలే తర్వాత గొప్పగా చెప్పుకునే కథలయ్యాయి, జపాన్ బండి వాడికి చెప్పుకోడానికి అలాంటి కథ లేకపోవడమే వాడి లోటు అయిపోయింది. (నవ్వొస్తుంది, చెడిపోని బండి కొనుక్కోవడం కూడా తప్పేనన్నమాట.)

1981లో 13 మంది కంపెనీ అధికారులు కలిసి హార్లీని తిరిగి కొనేశారు, వాళ్ళలో వ్యవస్థాపకుల కుటుంబానికి చెందిన విల్లీ జి. డేవిడ్‌సన్ కూడా ఉన్నాడు. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బండ్ల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి ఏకంగా 49.4 శాతానికి పెంచింది, హోండా ఏమో 750 షాడోని 700 సీసీ లోపుకి కుదించి తప్పించుకుంది. ఆ ఏడే హార్లీ ఓనర్ల క్లబ్బు హాగ్ పెట్టారు, మరుసటి ఏడాది ఎవల్యూషన్ అనే కొత్త హార్లీ ఇంజన్ వచ్చి ఆయిల్ గోల చాలావరకు తగ్గించింది. 1994లో అయితే హార్లీ ఇంజన్ శబ్దానికే ట్రేడ్‌మార్క్ కావాలని దరఖాస్తు పెట్టారు, 2000లో వెనక్కి తీసుకున్నారనుకోండి.

అప్పటి కుర్రాళ్ళే ఇప్పటి తాతలు. అమెరికా బైక్ ఓనర్లలో మధ్యస్థ వయసు 1990లో 32 ఏళ్ళు, 2018కి 50. మధ్యలో డబ్బున్న లాయర్లూ డాక్టర్లూ దిగారు, పాతవాళ్ళు వాళ్ళని రబ్ అన్నారు, అంటే పట్నం డబ్బున్న బైకర్ అని ఎగతాళి. స్టర్గిస్‌లో ఏటా జరిగే బైకర్ల జాతరకి బండిని ట్రైలర్ మీద తెచ్చి ఊరి బయట దింపుకుని ఎక్కేవాళ్ళని చూసి ఇప్పటికీ నవ్వుతారు. నవ్వేవాళ్ళలో కొందరు మోకాళ్ళు పట్టేసి మూడు చక్రాల ట్రైక్‌కి మారినవాళ్ళే, ట్యాంకు మీద పేరు మాత్రం మార్చలేదు.

ఇంకో తమాషా. 2011లో పొలారిస్ కంపెనీ ఇండియన్ పేరు కొని కొత్త బండ్లు చేయడం మొదలుపెట్టింది, 1953 నాటి ఫ్యాక్టరీకి వీటికీ సంబంధం లేదు, అయినా వాటికి తలూపుతారు. 1100 సీసీ షాడోలు ఒహాయోలోని మేరీస్‌విల్‌లో, అమెరికా కార్మికుల చేతుల మీదే తయారయ్యాయి. వాటిని ఇప్పటికీ మెట్రిక్ అనే అంటారు.