"పొద్దున ఓపీకి తీసుకురండి"

2019లో ఒక రాత్రి ఒంటిగంటకు మా చిన్నాన్నకు మనసు జబ్బు తిరగబెట్టింది. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఎవరో చంపడానికి వస్తున్నారంటూ తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బతిమాలి ఆటో ఎక్కించి ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, క్యాజువాలిటీలో ఒకటే మాట: "సైకియాట్రీ డాక్టరు ఇప్పుడుండరు, పొద్దున ఓపీకి తీసుకురండి." పిన్ని ఆయన చెయ్యి వదలకుండా తెల్లారేదాకా వరండాలో బెంచీ మీదే కూర్చుంది.

ఈ మాట ఆ ఒక్క ఆసుపత్రిలో పుట్టింది కాదు. 1912 నాటి బ్రిటిష్ చట్టం పేరులోనే 'లూనసీ' ఉంది, అంటే పిచ్చి. మనిషిని ఎలా లోపల పెట్టాలన్నదే దాని ప్రధాన చింత. 1987లో కొత్త చట్టం వచ్చినా, అమల్లోకి రావడానికి 1993 దాకా పట్టింది. మధ్యలో 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశారు. ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు ఇంటివాళ్లనీ అక్కడే ఉండనిచ్చారు. రాత్రి మనిషి ఎలా ఉంటాడో చూసేది ఇంటివాళ్లే. వాళ్లని వైద్యంలోకి పిలిచిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అది దేశమంతా పాకి ఉంటే ఎంత బాగుండేదో!

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కర్ణాటకలోని బళ్లారిలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996 నుంచి జిల్లాలకు వెళ్లింది. మందులు ఊరి దగ్గరికి రావడం చిన్న విషయం కాదు. కానీ జబ్బుకి ఓపీ టైమింగ్స్ ఉండవు కదా.

2001 ఆగస్టు 6, తెల్లవారుజాము. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర, మనసు జబ్బున్నవాళ్లని ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

2007లో భారత్ వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించింది. దానికి తగ్గట్టు 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, 2018 మే నుంచి అమలైంది. ఒంటి జబ్బుకి అత్యవసర వైద్యం, అంబులెన్సు ఎలా అందుతాయో మనసు జబ్బుకీ అలాగే అందాలని అందులోని 21వ సెక్షన్ అంటుంది. ప్రాణాపాయం, తీవ్రమైన హాని జరిగే పరిస్థితి ఉంటే, సైకియాట్రిస్టే కానక్కర్లేదు, రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయొచ్చని 94వ సెక్షన్. కేంద్ర, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో ఈ జబ్బు అనుభవించినవాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ సభ్యత్వం ఇచ్చింది కూడా ఈ చట్టమే.

ఆ రాత్రికి ఈ చట్టం అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. ఆ సంగతి మాకు తెలియదు, అక్కడెవరూ చెప్పలేదు.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు హైదరాబాద్‌లోనే మొదలైంది. గుండెనొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇవాళ మన పల్లెల్లో చిన్నపిల్లలకీ తెలుసు. మనసు జబ్బుకి అలాంటి నంబరు 2022 అక్టోబరు 10న వచ్చింది: టెలీ మానస్, 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. భయంతో వణుకుతున్న మనిషికి అర్ధరాత్రి ఒక గొంతు దొరకడం నిజంగా పెద్ద ఊరట. అయితే మనిషిని నెమ్మదింపజేసే సూది ఫోన్ వేయగలదా, మంచం ఇవ్వగలదా?

అందుకే నాకు అనిపిస్తుంది, ప్రాధికార సంస్థల్లో రోగులకీ, ఇంటివాళ్లకీ ఇచ్చిన ఆ కుర్చీలు పేరుకి నింపితే చాలదని. రాత్రి డ్యూటీ ఎలా ఉండాలో రాసే రోజున ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లని అడగాలి. మా పిన్నిని అడిగితే వెంటనే చెబుతుంది: క్యాజువాలిటీ డాక్టరుకి ఆ సూది వేయడం వచ్చి ఉండాలి, పోలీసులు లేకుండా ఇంటికొచ్చి నెమ్మదిగా మాట్లాడే మనిషి కావాలి, తెల్లారేదాకా పడుకోబెట్టడానికి ఒక మంచం కావాలి. ఇప్పుడు చిన్నాన్న మందుల ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకుంది: 14416, కింద 94వ సెక్షన్.