మోటార్‌హోమ్ తిన్నగా పోవట్లేదా? పార్టులు కొనే ముందు ఒకసారి చదవండి

"రెండు గంటలు నడిపితే చాలు, భుజాలు పట్టేస్తున్నాయండీ." మోటార్‌హోమ్‌లు, అంటే ఇల్లులా వాడుకునే బండ్లు, బాగుచేసే నాకు ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. బండి తిన్నగా పోదు, క్షణానికోసారి స్టీరింగ్ సవరించుకోవాలి, పక్క నుంచి లారీ దాటితే టెన్షన్. చాలామంది ఏదో ఒక పార్టు ముందే కొనేసుకుని, బిగించమని తెస్తారు. నేను ముందు బండి బరువు తూచే వేబ్రిడ్జికి వెళ్లి రమ్మంటాను.

అపోహ: ఇంత పెద్ద బండి ఊగకుండా ఎలా ఉంటుంది?

వాస్తవం: పక్కగాలికి ఎత్తైన బండి కొంత కదులుతుంది. పెద్ద లారీ దాటేటప్పుడు దాని ముందుండే గాలి మొదట మనల్ని అవతలికి నెట్టి, తర్వాత దానివైపు లాగుతుంది. చిన్న సవరణతో సర్దుకుంటే అది మామూలే. గాలి లేదు, లారీ లేదు, రోడ్డు సాఫుగా ఉంది, అయినా బండి అటూ ఇటూ పోతోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

అపోహ: టైరు మీద రాసి ఉన్నంత గాలి కొట్టిస్తే సరి.

వాస్తవం: ఆ అంకె టైరు మోయగల గరిష్ఠ బరువుకు సంబంధించింది. మీ బండి బరువు అంతకన్నా తక్కువైతే టైరు బిర్రుగా ఉబ్బి, రోడ్డుకు ఆనే భాగం తగ్గి, బండి తేలిపోతున్నట్టు ఉంటుంది. గాలి తక్కువైతే టైరు గోడలు వంగి వేడెక్కుతాయి. నీళ్లు, సామాను, మనుషులతో సహా ఒక్కో చక్రం మీద పడే బరువు తూయించండి. టైరు కంపెనీ పట్టికలో ఎక్కువ బరువున్న వైపుకు ఎంత గాలి చెప్పారో చూసి, ఆ యాక్సిల్‌కు (ఇరుసుకు) రెండు వైపులా అంతే పెట్టండి. చూసేది టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

అపోహ: వెనక బరువుంటే బండి కుదురుగా ఉంటుంది.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ నాకు చాలా పని కల్పించింది. వెనక చక్రాలు దాటి పొడుచుకొచ్చిన భాగంలో పెట్టే బరువు తూగుడుబల్లలా పనిచేస్తుంది. ముందు, వెనక చక్రాల మధ్య 4 మీటర్లుందనుకోండి. వెనక చక్రాలకు 2 మీటర్ల అవతల 100 కిలోలు తగిలిస్తే వెనక యాక్సిల్ మీద 150 కిలోలు పెరుగుతాయి, ముందు యాక్సిల్ మీద 50 కిలోలు తగ్గుతాయి. బండిని తిప్పాల్సిన చక్రాలకే పట్టు పోతుంది. ఫియట్ డ్యుకాటో లాంటి ముందు చక్రాలు లాగే బండికైతే తడి ఎత్తులో చక్రాలు జారే బాధ కూడా.

ఒకాయన బండికి సైకిళ్ల స్టాండు, వెనక అరలో పనిముట్ల పెట్టె, తోక దగ్గరి ట్యాంకు నిండా నీళ్లు. "స్టీరింగ్ బాక్సు మార్చాల్సిందేనంటారా?" అని దిగులుగా అడిగారు. ట్యాంకు సగానికి పైగా ఖాళీ చేయించి, పెట్టెను చక్రాల మధ్యకు తెప్పించాను. నీళ్లు లీటరుకు కిలో బరువు కదా. సగం జబ్బు అక్కడే పోయింది.

అపోహ: స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే తిన్నగా పోతుంది.

వాస్తవం: మామూలు డ్యాంపర్ గుంతల అదురును మింగుతుంది, అంతే. స్టీరింగును మధ్యకు తేదు. ఆ పని చేసేది స్ప్రింగు ఉన్న రకం. ఏ రకమైనా అరిగిన జాయింట్ల మీద బిగిస్తే జబ్బును కప్పెట్టినట్టే.

అపోహ: స్టీరింగ్ లూజైతే స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించాలి.

వాస్తవం: దాన్ని చివరికి వదలండి. అతిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యకు రాక, తిప్పిన చోటే ఆగుతుంది. ముందు బండి కిందికి చూడండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒకరిని స్టీరింగ్ ఇటూ అటూ కొద్దిగా ఆడించమనండి. మీరు పక్కనుంచి, చేతులు పెట్టకుండా, టార్చితో ఒక్కో జాయింటునూ చూడండి. ఒక రాడ్డు కదిలాక దాని పక్క రాడ్డు ఆలస్యంగా కదిలితే ఆ మధ్య జాయింటే అరిగింది. కింగ్‌పిన్లు (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు) ఉన్న బండికి గ్రీజు ఎండిపోయినా స్టీరింగ్ వెనక్కి రాదు. గ్రీజు గన్నుతో పోయే జబ్బుకు బాక్సు విప్పినవాళ్లను చూశాను.

అపోహ: కొత్త బండి, అలైన్‌మెంట్ కంపెనీలోనే చేసి ఉంటారు.

వాస్తవం: చాలా బండ్లకు ఛాసిస్ ఒకచోట, పైన ఇల్లు మరోచోట తయారవుతాయి. ఆ ఇంటి బరువు పడ్డాక కమాన్లు కుంగి కోణాలు మారతాయి. కాబట్టి మీరు ప్రయాణించే బరువుతోనే అలైన్‌మెంట్ చేయించండి. టో (చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపితే ఒప్పుకోవద్దు, క్యాస్టర్ ఎంతుందో అడగండి. సైకిల్ ఫోర్కు వాలుగా ఉండబట్టే కదా హ్యాండిల్ తిన్నగా నిలవాలని చూస్తుంది, ఆ వాలే క్యాస్టర్. అది తగ్గితే బండి దారి వెతుక్కుంటుంది. ముందు కమాన్లున్న యాక్సిల్‌కు ఆప్పులు (ఒకవైపు పలచగా ఉండే ముక్కలు) పెట్టి క్యాస్టర్ పెంచొచ్చు, స్టీరింగ్ కాస్త బరువెక్కుతుంది.

అపోహ: యాంటీ రోల్ బార్ ఉంది కదా, ట్రాక్ బార్ ఎందుకు?

వాస్తవం: మొదటిది మలుపులో బండి ఒరగకుండా ఆపుతుంది. రెండోది కమాన్ల మీద యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకుంటుంది. పక్కగాలికి తోక ముందు కదిలి, తర్వాత మూతి తిరుగుతోందంటే వెనక ట్రాక్ బార్ గురించి ఆలోచించాలి.

అపోహ: కమాన్లకు తోడుగా గాలి నింపే ఎయిర్‌బ్యాగులు వేయించాం, ఇక ఎంత సామానైనా ఎక్కించొచ్చు.

వాస్తవం: బండి మట్టంగా నిలుస్తుంది, బండి కంపెనీ ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువు మాత్రం పెరగదు. వెనక మరీ ఎత్తితే క్యాస్టర్ తగ్గుతుంది. అలైన్‌మెంట్ మళ్లీ చూపించాల్సిందే.