కృష్ణా మొగల ముందు గాలిమరలు: ఆవాసాల మదింపు ఎక్కడ మొదలైంది, మన దాకా ఎలా వచ్చింది

బంగాళాఖాతంలో బార్జి నిలబెట్టి అడుగు నేలలోకి ఉక్కు స్తంభాలు దిగ్గొట్టడానికి అనువైన రోజులు ఏడాదికి కొన్నే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. మే వస్తే మళ్లీ తుపాన్ల భయం. సముద్రం కాస్త నెమ్మదించేది జనవరి మొదలు ఏప్రిల్ వరకే. సూర్యలంక, నిజాంపట్నం, నాగాయలంక తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఆ నెలల్లోనే.

కృష్ణా మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) ముందు సముద్రంలో గాలిమరలు పెట్టాలని ఎవరు ఎప్పుడు అనుకున్నా మొదట ఎదురయ్యే చిక్కు ఇది. మన దేశపు సముద్రంలో కరెంటు అమ్మే గాలిమర ఇంకా ఒక్కటీ నిలబడలేదు. కేంద్రం తొలి అడుగులకు ఎంచుకున్నది గుజరాత్, తమిళనాడు తీరాలను. మన తీరం వంతు రాకముందే ఈ కథ తెలుసుకోవడం ఎందుకంటే, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఐరోపా దేశాలు దెబ్బతిన్నచోట తరచూ కనిపించే కారణం ఒకటే: స్థలం ముందు ఖాయం చేసుకుని, అక్కడ ఏం బతుకుతోందని తరవాత అడగడం.

ప్రపంచంలో తొలి సముద్ర గాలిమరల క్షేత్రం డెన్మార్క్‌లోని విండెబీ. 1991లో పెట్టారు. 11 మరలు, ఒక్కొక్కటి 450 కిలోవాట్లు, అన్నీ కలిపితే 5 మెగావాట్లకు కొంచెం తక్కువ. 2017లో విప్పేశారు. విండెబీ మొదలైన మరుసటి ఏడాదే, 1992 మేలో, ఐరోపా ఆవాసాల చట్టం వచ్చింది. 1979 నాటి పక్షుల చట్టంతో కలిసి ఇది నాచురా 2000 అనే రక్షిత ప్రాంతాల గొలుసుకు ఆధారమైంది. అప్పుడు దాన్ని రాసినవాళ్లు గాలిమరలను దృష్టిలో పెట్టుకోలేదు. అయినా దాని ఆరో అధికరణం మూడో నిబంధనే ఈ రంగం మొత్తాన్ని నడిపిస్తూ వచ్చింది.

ఆ నిబంధన చెప్పే క్రమం ఇది. మొదట వడపోత: ఈ ప్రాజెక్టు ఒక్కటిగానీ, చుట్టుపక్కల ఉన్నవాటితో కలిసిగానీ రక్షిత ప్రాంతం మీద గట్టి ప్రభావం చూపే అవకాశం ఉందా? ఉంటే పూర్తి మదింపు. ఆ ప్రాంతాన్ని ఏ జీవుల కోసం, ఏ లక్ష్యంతో రక్షించారో ఆ లక్ష్యం దెబ్బతినదని తేలితేనే అనుమతి. తేలకపోతే, దాని వెంటే ఉన్న నాలుగో నిబంధన ప్రకారం, వేరే దారి ఉందా అని చూడాలి. వేరే దారి లేక, తప్పించుకోలేని ప్రజాప్రయోజనం ఉంటే, నష్టానికి బదులు వేరేచోట ఆవాసం ఏర్పరచి ముందుకు వెళ్లాలి.

చదవడానికి సాదాగా ఉన్న ఈ నిబంధనకు పదును పెట్టింది కోర్టులు. నెదర్లాండ్స్‌లోని వాడెన్ సముద్రపు బురదలో యంత్రాలతో ఆలుచిప్పలు తవ్వే పడవలకు ఏటా ఇచ్చే లైసెన్సుల మీద వచ్చిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2004 సెప్టెంబరు 7న తీర్పు చెప్పింది. నష్టం జరుగుతుందని అభ్యంతరం చెప్పేవాళ్లు రుజువు చేయనక్కర్లేదు; నష్టం జరగదనడంలో శాస్త్రపరంగా సహేతుకమైన సందేహం మిగలకూడదు. రుజువు భారం అటు నుంచి ఇటు మారింది. 2018లో ఐర్లండ్ నుంచి వెళ్లిన కేసు ఇంకో మెలిక విప్పింది. అది ఒక గాలిమరల క్షేత్రాన్ని గ్రిడ్‌కు కలిపే కేబుల్ గురించి. కేబుల్ తవ్వకం మట్టి నోర్ నదిలోని ముత్యపు చిప్పల మీద పేరుకుంటుందన్న భయం. మట్టి జారకుండా అడ్డుకట్టలు వేస్తాం కాబట్టి పూర్తి మదింపు అక్కర్లేదని వడపోత దశలోనే తేల్చేశారు. అలా కుదరదని కోర్టు చెప్పింది. నివారణ చర్యలు ఎంతవరకు పనిచేస్తాయో తూచాల్సింది పూర్తి మదింపులోనే. మన దగ్గర కన్సల్టెన్సీల నివేదికలు చదివినవాళ్లకు ఈ తేడా విలువ వెంటనే తెలుస్తుంది. 'తగిన చర్యలు తీసుకుంటాం' అన్న ఒక్క వాక్యంతో అధ్యాయాలకు అధ్యాయాలు మూసేస్తుంటారు.

కోర్టుల్లో ఇది నడుస్తుండగానే సముద్రం మీద లెక్కలు మొదలయ్యాయి. డెన్మార్క్ 2002లో హార్న్స్ రెవ్ దగ్గర 80 మరలు, 2003లో నిస్టెడ్ దగ్గర 72 మరలు పెట్టింది. కట్టకముందు, కడుతున్నప్పుడు, కట్టాక అని మూడు దశల్లోనూ గమనించింది. నిస్టెడ్‌లో రాడార్ పెట్టి చూస్తే ఈడర్ బాతుల గుంపులు మరల వరుసలను దూరం నుంచే గుర్తించి పక్కకు తిరిగాయి. ప్రమాదకరమైన దగ్గరికి వచ్చినవి ఒక శాతం కూడా లేవు. 'పక్షులు మరలకు కొట్టుకుని చస్తాయి' అన్న తొలి భయం అక్కడ తగ్గి, దాని స్థానంలో మరో ప్రశ్న వచ్చింది: తప్పుకున్న పక్షులు మేత ఎక్కడ వెతుక్కుంటున్నాయి? అదే నిస్టెడ్‌లో డాల్ఫిన్ల దూరపు చుట్టమైన పార్పాయిస్‌లు కట్టుబడి సమయంలో తగ్గిపోయి, చాలా నెమ్మదిగా తిరిగొచ్చాయి. కట్టకముందు లెక్క లేకపోతే ఆ తగ్గుదల ఎవరికీ కనిపించేది కాదు.

ఎర్రగొంతు డైవర్ పక్షులది ఇంకా కష్టం. మరలున్న నీళ్లను అవి పది కిలోమీటర్లకు మించిన దూరం నుంచే వదిలేస్తున్నాయని జర్మనీ సముద్రంలో తేలింది. థేమ్స్ నది ముఖం దగ్గర 175 మరలతో 630 మెగావాట్ల లండన్ అర్రే 2013కల్లా పూర్తయింది. దాని రెండో దశను ఈ పక్షుల వల్లే 2014 ఫిబ్రవరిలో వదులుకున్నారు. కావలసిన పక్షుల సమాచారం చేతికి రావడానికే ఇంకో మూడేళ్లు పడుతుందని తేలింది. 2012 జులైలో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ తీరం ముందు జరిగింది మన ప్లానింగ్ అధికారులు ప్రత్యేకంగా చదవాలి. అక్కడ మూడు ప్రాజెక్టులు పక్కపక్కనే అనుమతికి వచ్చాయి. ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే శాండ్విచ్ టెర్న్ పక్షులకు జరిగే నష్టం తక్కువే. మూడింటినీ కలిపితే రక్షిత ప్రాంతపు టెర్న్‌లు తట్టుకోలేవు. రెండింటికి అనుమతి వచ్చింది, 540 మెగావాట్ల డాకింగ్ షోల్‌ను తిరస్కరించారు.

బ్రిటన్‌లోనే హార్న్‌సీ త్రీ గాలిమరల ప్రాజెక్టుకు 2020 డిసెంబరు 31న అనుమతి వచ్చింది గాని, కిట్టివేక్ అనే గల్ పక్షులకు జరిగే నష్టానికి బదులుగా గూళ్లు కట్టాలన్న షరతు మీద. 2023లో సఫోక్ తీరం దగ్గర సముద్రంలో కృత్రిమ గూళ్ల కట్టడాలు నిలబెట్టారు. మరలు తిరగడానికి కొన్ని సంతాన రుతువుల ముందే అవి సిద్ధంగా ఉండాలి. ఆ కిట్టివేక్‌లు రక్షణ పొందుతున్న కొండచరియలు మరలకు వంద కిలోమీటర్ల పైమాటే. అంటే అక్కడి చట్టం కాపాడేది మ్యాపు మీది గీతను కాదు, ఆ గీత లోపల పుట్టి బయట మేసే పక్షిని. మన చట్టంతో పోల్చేటప్పుడు ఇది కీలకం.

ఇక అంకెల పని. బ్రిటన్‌లో రూఢి అయిన పద్ధతి ప్రకారం క్షేత్రం మీదా, దాని చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేరా నెలకోసారి చొప్పున 24 నెలలు విమానం నుంచి డిజిటల్ ఫొటోలు తీస్తారు. ఒక ఏడాది చాలదు. చేపలు ఒక ఏడాది ఉన్నచోట మరో ఏడాది ఉండవు, పక్షులు వాటి వెంటే పోతాయి. పూర్వం విమానం కిందుగా ఎగిరేది, పక్షులు బెదిరి లేచిపోయేవి. ఇప్పుడు దాదాపు 500 మీటర్ల ఎత్తు నుంచి తీస్తారు.

ఢీకొనడాన్ని లెక్కించడానికి 2012 నుంచి బ్యాండ్ నమూనా వాడుకలో ఉంది. పక్షుల సాంద్రత, మర రెక్కల ఎత్తులో ఎగిరేవాటి వాటా, మర రెక్కల వెడల్పు, వేగం, ఇవన్నీ వేసి చివర్లో 'తప్పుకునే శాతం' తీసేస్తారు. అసలు మోసం జరగగల చోటు అదే. ఏ పక్షీ తప్పుకోకపోతే ఏడాదికి 10,000 దెబ్బలు అని నమూనా చెప్పిందనుకుందాం. 98 శాతం తప్పుకుంటాయంటే 200 చావులు. 99 శాతమంటే 100. 99.5 అంటే 50. ఒకటిన్నర శాతం తేడాతో చావులు నాలుగో వంతుకు పడిపోయాయి. నివేదిక చేతికొస్తే ముందు ఆ శాతం ఏ జాతి మీద, ఏ సముద్రంలో కొలిచిందో చూడాలి. ఉత్తర సముద్రపు గల్ పక్షుల అంకెను తెచ్చి మన టెర్న్‌లకు అంటిస్తే ఆ లెక్కకు విలువ లేదు.

శబ్దానిదీ అదే కథ. స్తంభాన్ని హైడ్రాలిక్ సుత్తితో వేల దెబ్బలు కొట్టి దించుతారు. జర్మనీ పెట్టిన హద్దు: 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దశక్తి 160 డెసిబెల్స్ దాటకూడదు. అందుకోసం స్తంభం చుట్టూ అడుగున చిల్లుల గొట్టం పరిచి కంప్రెసర్లతో గాలి వదులుతారు. బుడగల తెర శబ్దాన్ని కొంత మింగేస్తుంది. ప్రవాహం జోరుగా ఉంటే తెర పక్కకు ఒరిగి చిల్లు పడుతుంది, కాబట్టి మొగల ముందు దీని పనితనాన్ని అక్కడే కొలవాలి. ఇంకా ముఖ్యమైనది, ఆ 160 అంకె పార్పాయిస్ చెవిని బట్టి పెట్టింది. పార్పాయిస్ వినేది కీచు శబ్దాలు. సముద్ర తాబేలు వినేది దాదాపు వెయ్యి హెర్ట్జ్ లోపలి బొంగురు శబ్దాలు. సుత్తి దెబ్బ శక్తిలో ఎక్కువ భాగం ఉండేదీ అక్కడే. బుడగల తెర బాగా తగ్గించేది కీచు శబ్దాలను. అంటే జర్మనీ హద్దును అక్షరాలా పాటించినా తాబేలుకు పూర్తి రక్షణ దొరికినట్టు కాదు.

మన దగ్గరి దారి వేరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ షెడ్యూల్‌లో గాలి విద్యుత్తు లేదు. కాలుష్యం లేని కరెంటు కదా అని నేల మీది మరలను వదిలేశారు. షెడ్యూల్‌లో ఉన్న ప్రాజెక్టయితే కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉంచాలి. లేనిదానికి ఆ నిర్బంధం లేదు. 2015 అక్టోబరు నాటి జాతీయ సముద్ర గాలి విద్యుత్తు విధానం చెన్నైలోని జాతీయ గాలి విద్యుత్తు సంస్థను నోడల్ ఏజెన్సీ చేసింది. 2017 నవంబరులో ఖంభాత్ సింధుశాఖలో గాలిని కొలిచే లైడార్ నిలబడింది. 2023 డిసెంబరులో సముద్ర లీజు నిబంధనలు వచ్చాయి. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది: గుజరాత్‌లో 500 మెగావాట్లు, తమిళనాడులో 500, వాటికి తోడు రెండు రేవుల మెరుగుదల. గాలిని ఏళ్ల తరబడి కొలిచారు. అదే వేదిక మీద పక్షుల రాడార్, నీటి కింద శబ్దాలు వినే హైడ్రోఫోన్ పెడితే అయ్యే ఖర్చు గాలి కొలత ఖర్చు ముందు చిన్నది. ఆ రెండూ లీజు షరతుల్లో ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం.

తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు మడ అడవులను, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను అత్యంత సున్నితమైన తరగతిలో ఉంచాయి. అవి సముద్రంలో 12 నాటికల్ మైళ్ల దాకే. మరలు ఇంకా దూరంగా పెడితే అక్కడ ఆ నిబంధనలు వర్తించవు. ఒడ్డుకు వచ్చే కేబుల్‌కు మాత్రం వర్తిస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం ఆలివ్ రిడ్లేను మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. తాబేలును చంపడం, గుడ్లు పాడు చేయడం ఎక్కడైనా నేరమే. దాని ఆవాసానికి ఆ చట్టం ఇచ్చే రక్షణ మాత్రం అభయారణ్యం గీత లోపలే. కిట్టివేక్‌కు దొరికిన లెక్క మన తాబేలుకు దొరకదు.

ఆ గీత మన దగ్గర ఎలా ఉందో చూడండి. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు, విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ మడ అడవులు, వాటిలో బావురుపిల్లి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. ఆ తీరం బాపట్లకు వెళ్లింది. గుంటూరు దాపున ఉప్పలపాడు చెరువులో గూడుకట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువుల్లో, పొలాల్లో మేసే పక్షులు. సముద్రం మీది మరలతో వాటికి ముప్పు అని భయపెట్టడం సరికాదు. లెక్కించాల్సినవి మొగల బురదల్లో చలికాలం గడిపే ఉల్లంకి జాతి వలస పిట్టలు, టెర్న్‌లు. ఆ వలస పిట్టలు రాత్రిపూట గుంపులుగా కదులుతాయి, కాబట్టి పగటి ఫొటోలు చాలవు, రాడార్ కావాలి. నెదర్లాండ్స్ 2023 మేలో వలస ముమ్మరంగా ఉన్న రాత్రి మరలను కొన్ని గంటలు దాదాపు ఆపేసింది. అలా ఆపగలిగిందీ రాడార్ సమాచారం ముందుగా చేతిలో ఉండబట్టే.

ముందు తవ్వి తరవాత గీత గీస్తే ఏమవుతుందో విజయవాడ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం చేసేసరికే చేపల చెరువులు పరచుకుని ఉన్నాయి. 2006లో గట్లు పగలగొట్టినప్పుడు నష్టపోయినవాళ్లలో ఆ గీత గీయడంలో ఏ పాత్రా లేని పేదలెందరో.

మన తీరంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది మరల సంగతి కూడా కాదు, కేబుల్ ఒడ్డెక్కే చోటు. ఇసుకలో కందకం తవ్వితే గూళ్లు పోతాయి. తీరం వెనక సరుగుడు తోటల దగ్గర నుంచి అడ్డంగా బోరు వేసి, ఇసుక తిన్నె కిందుగా కేబుల్‌ను సముద్రంలోకి తీసుకెళ్లాలి. లోతు ఎంతన్నది ఇష్టప్రకారం పెట్టుకునేది కాదు. తాబేలు ఒక గూట్లో నూటికి అటూఇటూగా గుడ్లు పెడుతుంది, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర అటూఇటూ అయితే పిల్లల్లో ఆడ మగ నిష్పత్తే మారిపోతుంది. కరెంటు పారే కేబుల్ వేడెక్కుతుంది. ఆ వేడి గూటి లోతుకు చేరకూడదు. అందుకని కేబుల్ వేయకముందే రెండు సీజన్లపాటు గూటి లోతులో ఉష్ణోగ్రతామాపకాలు పాతి రోజూ నమోదు చేయాలి. బోరు పని గూళ్లలోని ఆఖరి పిల్లలు వెళ్లిపోయాక, డిసెంబరు లోపు, తుపాను హెచ్చరికల నడుమ దొరికిన రోజుల్లో పూర్తి కావాలి. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు వేస్తే పిల్లలు సముద్రం వైపు కాక వెలుగు వైపు నడుస్తాయి, కాబట్టి తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి ఆఖరి పిల్లలు వెళ్లేదాకా తెల్లని లైట్లు పూర్తిగా ఆపాలి. సుత్తి పనికి జనవరి–ఏప్రిల్ తప్ప వేరే కాలం దొరకదంటే సుత్తి అక్కర్లేని పునాదులు, అంటే లోపలి నీటిని తోడేసి నేలలోకి దించే బకెట్ పునాదులు, మన ఒండ్రు మట్టిలో నిలబడతాయో లేదో మట్టి పరీక్షల దశలోనే చూడాలి. టెండరు పిలిచాక ఈ ప్రశ్న అడిగితే జవాబు ఏదైనా దానికి తగ్గట్టు మార్చడానికి ధర ఒప్పుకోదు.