షోరూమా, మ్యూజియమా? రేసు కార్ల గురించి మనవలకు ఉత్తరం

విజయవాడ

చిరంజీవులైన చిన్నికి, కిట్టుకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పోయిన వేసవిలో నేను న్యూజెర్సీలో మీ ఇంట ఉన్నప్పుడు, నాన్న మనందరినీ ఫిలడెల్ఫియాలోని సిమియోన్ ఆటోమోటివ్ మ్యూజియానికి తీసుకువెళ్లిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. లోపలికి అడుగు పెడుతూనే కిట్టు, "తాతయ్యా, ఇది షోరూమా, మ్యూజియమా?" అని అడిగాడు. చిన్ని అయితే, "బొమ్మలు గీసినవాళ్లవీ, శిల్పాలు చెక్కినవాళ్లవీ మ్యూజియంలో పెడతారు గానీ, కార్లు ఎందుకు పెట్టారు?" అంది. ఆ పూట నడుస్తూ, మధ్య మధ్య ఆగుతూ నాలుగు ముక్కలు చెప్పాను గానీ, అవి మీ ప్రశ్నలకు తగిన జవాబు కావు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ల పైన వర్క్‌షాప్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన టింకరింగ్ మేస్త్రి కొడుకును. అలాంటి నేను ఈ ప్రశ్నకు సగం జవాబు చెప్పి ఊరుకోవడం బాగుండదని తోచి, తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

షోరూములో ఉన్న కారు కొనేవాడి కోసం ఎదురుచూస్తుంది. అక్కడ మనం అడిగేవి ధర ఎంత, మైలేజీ ఎంత, ఏ రంగుల్లో దొరుకుతుంది అన్న ప్రశ్నలే. మ్యూజియంలో ఆ ప్రశ్నలకు పని లేదు. కారు అమ్మకానికి లేదు, కదలదు, మనల్ని ఎక్కడికీ తీసుకువెళ్లదు. కాబట్టి మనకు మిగిలేది దాని రూపమూ, ఆ రూపం అలాగే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నా. ఈ సంగతిని పట్టించుకున్న తొలి కళా మ్యూజియాలలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఒకటి. 1951లో వారు ఎనిమిది కార్లను ఎంచి, చిత్రాలనూ శిల్పాలనూ పెట్టినట్టే ప్రదర్శనకు పెట్టి, కార్లంటే లోపల బోలుగా ఉండి దొర్లే శిల్పాలని చెప్పారు. ఆ ఎనిమిదింటిలో ఇటలీకి చెందిన సిసిటాలియా 202 ఉంది. రేసు కార్లు చేసుకునే ఒక చిన్న కంపెనీ బండి అది. అంతకు ముందటి కార్లలో బానెట్ ఒక ముక్క, మడ్‌గార్డు ఒక ముక్క, దీపాలు వేరే ముక్కలు అన్నట్టు అతికించి ఉండేవి; పినిన్ ఫారినా అనే ఇటలీ కారు బాడీల కంపెనీ పనివాళ్లు దీని ఒంటిని మాత్రం ఒకే రేకును సాగదీసి కప్పినట్టు, ఎక్కడ ఏ భాగం ముగిసిందో కనిపించనట్టు సుత్తితో కొట్టి తీర్చారు. 1972లో ఆ మ్యూజియం ఈ రకం కారును తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. 1990లో ఆలెన్ ప్రోస్ట్ అనే ఫ్రెంచి డ్రైవరు ఐదు గ్రాండ్ ప్రి పందేలు గెలిచిన ఫెరారీ 641 రకం రేసు కారు కూడా తరువాత అక్కడికి చేరింది.

అయితే అందమైనది అంటే సరిపోదు. రేసు కారు అందం చీర అంచు అందం లాంటిది కాదు. దాన్ని ఎవరూ అలంకారంగా కుట్టలేదు. మీరు సిమియోన్ మ్యూజియంలో చూసిన ఆ నీలం కారును, పొడుగునా తెల్ల చారలున్నదాన్ని, గుర్తు తెచ్చుకోండి. దాని పేరు షెల్బీ కోబ్రా డేటోనా కూపే. కూపే అంటే పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు. దాని ముందు మనం చాలాసేపు నిలబడ్డాం. ముందు నుంచి చూస్తే మామూలుగానే కనిపించే ఆ కారు, వెనక్కి వెళ్లి చూస్తే కత్తితో కోసేసినట్టు తోక లేకుండా ముగుస్తుంది. కిట్టు, "దీనికి వెనక ముక్క విరిగిపోయిందా?" అన్నాడు. విరగలేదు నాన్నా, కావాలనే అలా చేశారు. ఆ కథ చెబితే తక్కిన కార్లను ఎలా చూడాలో మీకే తెలుస్తుంది.

1963 నాటికి అమెరికాలో కారోల్ షెల్బీ చేయించిన కోబ్రా రేసు కార్లకు ఇంజన్ బలం లోటు లేదు. 4.7 లీటర్ల ఫోర్డ్ వి8 ఇంజన్ ఉండేది. కానీ అవి పైకప్పు లేని బండ్లు. పొడవైన తిన్నని దారిలో గాలి వాటిని వెనక్కి లాగేది. గంటకు దాదాపు 255 కిలోమీటర్ల దగ్గర బండి ఇక ముందుకు సాగనని మొరాయించేది. యూరప్ పందేలలో ఫెరారీ 250 జిటిఓ కార్లు వాటిని సులువుగా దాటి వెళ్లేవి. అప్పుడు షెల్బీ దగ్గర పనిచేస్తున్న పీటర్ బ్రాక్ అనే ఇరవయ్యేళ్లు దాటిన యువకుడు, ఇంజన్‌నూ ఛాసిస్‌నూ అలాగే ఉంచి పైన ఒళ్లు మాత్రం మార్చుదామన్నాడు. 1930లలో జర్మనీలో వునిబాల్డ్ కామ్ అనే ఆచార్యుడు గాలి గురించి చేసిన పరిశోధనే అతనికి ఆధారం. గాలిని చీల్చుకు పోయే వస్తువుకు చేప తోకలాగా సన్నగా సాగే వెనకభాగం ఉంటే, గాలి సుడులు తిరగకుండా మెల్లగా కలుసుకుంటుంది. కానీ అంత పొడుగు తోక బరువు, పైగా మలుపుల్లో ఇబ్బంది. ఆ తోకను సరైన చోట కోసేస్తే, గాలి తోక ఉన్నట్టే చాలావరకు ప్రవర్తిస్తుందని కామ్ చూపించాడు. లేని తోకను గాలి చేత గీయించడం అన్నమాట. నాకు ఆ ఆలోచన తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

బ్రాక్ గీసిన గీతల ప్రకారం చెక్క పలకలతో అచ్చు కట్టి, దాని వంపులకు సరిపోయేలా అల్యూమినియం రేకును మలిచారు. ఈ పని మీకు కొత్తగా ఉండవచ్చు గానీ నాకు కొత్త కాదు. రేకును ఇసుక సంచి మీద పెట్టి గుండ్రటి మూతి సుత్తితో కొడుతూ పోతే, దెబ్బ పడిన చోట రేకు పలచబడి సాగుతుంది, సాగిన చోట బొద్దుగా లేస్తుంది. ఎక్కువ కొడితే చిరుగుతుంది, తక్కువ కొడితే వంపు రాదు. మా నాన్న కళ్లు మూసుకుని అరచేత్తో రేకును నిమిరి, ఎక్కడ ఎత్తు ఉందో చెప్పేవాడు. ఆ కారు పక్కన నిలబడి మడ్‌గార్డు మీద పడిన వెలుతురు ఎక్కడా వణకకుండా జారిపోవడం చూసినప్పుడు, ఏ ఊరివాడో తెలియని ఆ పనివాడి అరచేయి నాకు కనిపించింది. ఈ రకం కూపేలు మొత్తం ఆరే తయారయ్యాయి. మనం చూసినది మొదటిది, లాస్ ఏంజెలెస్‌లో షెల్బీ సొంత షెడ్డులో తయారైనది. తక్కిన ఐదింటి ఒళ్లు ఇటలీలోని మోడెనాలో చేయించారు.

కొత్త ఒంటితో, అదే ఇంజన్‌తో ఆ కారు గంటకు 290 కిలోమీటర్లు దాటింది. కానీ గాలి అంత తేలిగ్గా లొంగదు. 1964లో బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో వేగం పెరిగేకొద్దీ వెనక చక్రాలు నేల మీద పట్టు కోల్పోతున్నాయని డ్రైవరు చెబితే, తోక అంచుకు పైకి లేచిన రేకు పట్టీ ఒకటి తయారుచేసి బిగించారు. ఆ పట్టీ గాలిని పైకి మళ్లిస్తుంది, బండి వెనకభాగాన్ని కిందికి నొక్కుతుంది. దాన్ని ఎవరూ అందం కోసం పెట్టలేదు. అయినా ఇవాళ ఆ పట్టీ లేకుండా ఆ కారును ఊహించలేం. ఏది ఎందుకు అవసరమో అది మాత్రమే ఉన్నప్పుడు వచ్చే అందం అది. 1965లో ఈ కూపేల బలంతో షెల్బీ జట్టు గ్రాండ్ టూరింగ్ తరగతి అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది. అప్పటిదాకా ఏ అమెరికన్ తయారీదారూ ఆ గెలుపు చూడలేదు. 2014లో అమెరికా చారిత్రక వాహనాల జాతీయ జాబితాలో మొట్టమొదట చేరిన కారు మనం చూసినదే. దాని కొలతలూ చిత్రాలూ అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి.

చిన్నీ, నువ్వు ఇంకొకటి గమనించావు. "తాతయ్యా, దీనికి రంగు పెచ్చులూడింది కదా, కొత్త రంగు ఎందుకు వేయలేదు?" అన్నావు. ఆ మ్యూజియాన్ని స్థాపించిన డాక్టర్ ఫ్రెడరిక్ సిమియోన్ మెదడుకు శస్త్రచికిత్స చేసే వైద్యుడు. దాదాపు యాభై ఏళ్లు రేసు కార్లు సేకరించి, 2008లో అందరూ చూసేలా తెరిచారు, 2022లో కాలం చేశారు. పాత కారును కొత్తదానిలా మెరిపించడం దాని చరిత్రను చెరిపెయ్యడమే అని ఆయన గట్టి అభిప్రాయం. డేటోనా కూపే చాలా ఏళ్లు కాలిఫోర్నియాలో ఒక గోదాములో మూతపడి ఉండిపోయింది. బయటికి వచ్చాక కూడా దాని పాత రంగునూ గీతలనూ ఆయన అలాగే ఉంచారు. ఈ విషయంలో ఆయన మాట ఎంత నిజమో నా సొంత తప్పు వల్ల నాకు తెలుసు. మా నాన్న తుక్కు రేకుతో తన చేతుల మీదుగా చేసుకున్న పనిముట్ల పెట్టె ఒకటి ఉండేది. మూత మీద సుత్తి దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా కనిపించేవి, ఒక మూల తన పేరు పొడి అక్షరాలు ఉలితో కొట్టుకున్నాడు. ఆయన పోయాక, ఆయన మీది గౌరవంతోనే, ఆ పెట్టెను బాగుచేయించాలని రంగులు వేసేవాడికి ఇచ్చాను. వాడు లప్పం పట్టించి, గీకి, బూడిద రంగు వేసి తెచ్చాడు. దెబ్బలూ పోయాయి, అక్షరాలూ పోయాయి. ఆ పెట్టె ఇప్పుడు బజారులో కొన్న పెట్టెలా ఉంది. ఇరవై ఏళ్లయినా దాన్ని తెరిచినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

కార్లను కళగా చూడడానికి మరో దారి కూడా ఉంది, కారు మీదనే కళాకారుడు రంగులు వేయడం. దీని గురించి కొద్దిగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఒక మనిషి నాకు చాలా ఇష్టుడు. గాలికి మెల్లగా తిరిగే రేకుల శిల్పాలను తీగలతో వేలాడదీసిన అలెగ్జాండర్ కాల్డర్ అతడు. మీ ఊరికి దగ్గరలోని హోబోకెన్‌లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. 1955లో మన దేశానికి వచ్చి అహ్మదాబాదులో సారాభాయి కుటుంబం ఇంట ఉండి కొన్ని శిల్పాలు చేశాడు. 1975లో ఎర్వె పూలాన్ అనే ఫ్రెంచి వేలంపాటదారు, తాను ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో నడపబోయే బి.ఎం.డబ్ల్యు. 3.0 సి.ఎస్.ఎల్. కారు మీద రంగులు వేయమని ఆయన్ని అడిగాడు. ఎర్రని, నీలి, పసుపు రంగుల వెడల్పాటి పట్టీలు ఆ కారు అంచులనూ కిటికీలనూ లెక్కచేయకుండా దాటిపోయాయి. ఆ కారు నిజంగానే పందెంలో పరిగెత్తింది. కొన్ని గంటలయ్యాక యంత్ర లోపంతో ఆగిపోయింది. మరుసటి ఏడే కాల్డర్ కన్నుమూశాడు. ఆ తరువాత ఇలాంటి కార్లు చాలా వచ్చాయి. 1979లో ఆండీ వార్హోల్ అనే అమెరికన్ చిత్రకారుడు బి.ఎం.డబ్ల్యు. ఎం1 కారుకు అరగంట లోపలే తన చేత్తో రంగు పూశాడు, అది లె మాన్‌లో ఆరో స్థానంలో వచ్చింది. వీటిలో నాకు కాల్డర్ కారే ఎక్కువ నచ్చుతుంది. కదిలే వస్తువులో కదలిక ఎక్కడ పుడుతుందో ఆయనకు ఇంజనీరుగా కూడా తెలుసు.

ఇంత చెప్పాక ఒక మాట దాచడం న్యాయం కాదు. 1909లో మారినెట్టి అనే ఇటాలియన్ కవి, గర్జించే కారు పారిస్ మ్యూజియం లూవ్ర్‌లోని రెక్కల విజయదేవత శిల్పం కంటే అందమైనదని ప్రకటించాడు. నాకు ఆ మాట ఎన్నడూ నచ్చలేదు. అందాన్ని వేగంతోనే తూచేవాడికి, ఆ వేగానికి ఎవరు మూల్యం చెల్లించారో కనిపించదు. 1955 జూన్ 11న లె మాన్‌లో ఒక మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. కారు ఎగిరి ప్రేక్షకుల మీద పడింది. తేలికగా ఉండాలని దాని ఒంటిని మెగ్నీషియం మిశ్రమంతో చేశారు. అది అంటుకుంటే ఆర్పడం కష్టం. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత స్విట్జర్లాండ్ సర్క్యూట్ పందేలనే నిషేధించింది. కాబట్టి మ్యూజియంలో నిశ్శబ్దంగా నిలబడిన అలాంటి కారును చూసేటప్పుడు, తేలిక కోసం ఎంచుకున్న లోహమే ఆ రోజు ఏం చేసిందో కూడా మీకు గుర్తు రావాలి. ఆ బరువు తెలిసిన తరువాత కూడా రేకు వంపు అందంగానే ఉంటుంది, కానీ చూసే చూపు మారుతుంది.

ఆ మ్యూజియం వారు కొన్ని శనివారాలలో కార్లను వెనక ఉన్న ఆవరణలోకి తెచ్చి నడిపి చూపిస్తారు. అలాంటి శనివారం చూసి నాన్నను తీసుకువెళ్లమనండి. నేను రాలేను గనుక మీకు ఒక పని అప్పగిస్తున్నాను. డేటోనా కూపే పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిలుతో దాన్ని పక్క నుంచి గీయండి. ఫోన్‌లో ఫోటో తీయవద్దు. గీసేటప్పుడు మీ చెయ్యి పైకప్పు గీత వెంట వెళ్లి తోక దగ్గర టక్కున ఆగుతుంది చూడండి, ఆ ఆగిన చోటు మీ వేళ్లకు తెలియాలి. ఎంత వంకరగా వచ్చినా చెరపకండి. ఇద్దరి కాగితాలూ మడత పెట్టకుండా పంపండి, నా బల్ల మీద అద్దం కింద, మా నాన్న ఫోటో పక్కన చోటు ఖాళీ చేసి ఉంచాను.

ఇట్లు,
మీ తాతయ్య