డిస్లెక్సియా: కంటి డాక్టర్ల నుంచి తరగతి గదికి

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ ప్రింగిల్ మోర్గాన్ పద్నాలుగేళ్ల పెర్సీ గురించి రాశాడు. తెలివికి లోటు లేదు, చూపు బాగుంది, ఏడేళ్లప్పటి నుంచీ చదువు చెప్పిస్తూనే ఉన్నారు. అయినా చిన్న చిన్న మాటలే చదవలేడు. ఈ ఇబ్బందినే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. సొంత పేరులోనే అక్షరాలు తారుమారు చేసి, ఎవరో చూపించేదాకా గమనించలేదు. అదే కుర్రాడు 749ని 867తో చకచకా గుణించాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడని మాస్టారు చెప్పారట. ఆ మాస్టారు గమనించినదాన్ని అందరూ అందుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

అప్పటిదాకా ఇలాంటి ఇబ్బందిని మెదడుకు దెబ్బ తగిలిన పెద్దవాళ్లలోనే చూశారు. పుట్టుకతోనూ ఉండొచ్చని మోర్గాన్ చూపించాడు. గ్లాస్గోలో కంటి డాక్టర్ జేమ్స్ హిన్షెల్‌వుడ్ అలాంటి పిల్లల్ని ఎందరినో పరీక్షించి 1917లో పుస్తకం రాశాడు. చదవలేని పిల్లల్ని ముందు చూసేది కంటి డాక్టర్లే కాబట్టి, లోపమంతా మాటల రూపాన్ని గుర్తుంచుకోవడంలో ఉందని చాలాకాలం నమ్మారు.

1925లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టర్, మెదడు రెండు భాగాల మధ్య పొత్తు కుదరక అక్షరాలు తిరగబడుతున్నాయన్నాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. కానీ విద్యావేత్త ఆనా గిల్లింగ్‌హామ్‌తో కలిసి అతను వేసిన బోధన పద్ధతి నిలిచింది. అక్షరాన్ని చూడడం, పలకడం, వేలితో దిద్దడం, శబ్దం తర్వాత శబ్దం చొప్పున ముందుకెళ్లడం. కారణం తప్పుగా ఊహించినా పిల్లలకు పనికొచ్చే దారి దొరికింది.

అసలు చిక్కు ఎక్కువమందిలో చూపులో కాదు, విన్న మాటను శబ్దాలుగా విడదీయడంలో ఉందని 1970ల్లో ఇసబెల్ లిబర్మన్ వంటివారి పరిశోధనలు చూపాయి. ‘పలక’లో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందన్న ప్రశ్నే ఆ పిల్లలకు కష్టం. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో, శబ్దాలను పోల్చడం, వాటిని అక్షరాలతో జతచేయడం నేర్పిన పిల్లలు చదువులో ముందుకెళ్లారు.

ఈలోగా 1972లో బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ ఏర్పడింది, 1975లో అమెరికాలో ప్రత్యేక విద్య చట్టం వచ్చింది. అయితే 1968 నాటి అంతర్జాతీయ నిర్వచనంలో ఒక అన్యాయం ఉంది. తగినంత తెలివి, మంచి సామాజిక పరిస్థితులు ఉండీ చదవలేకపోతేనే డిస్లెక్సియా అంది. దాంతో పేదింటి పిల్లలకు, ఐక్యూ పరీక్షలో వెనకబడ్డవారికి తలుపు మూసుకుపోయింది. తెలివి ఏ స్థాయిలో ఉన్నా డిస్లెక్సియా ఉండొచ్చని బ్రిటన్‌లో ప్రభుత్వం కోసం తయారైన రోజ్ నివేదిక స్పష్టంగా రాసింది 2009లో.